సీరియల్ అయిందాకా

మా ఇంట్లో అందరికంటే ముందు నవ్వింది మా పిన్ని. ఆమె చేసిన పొరపాటు అదొక్కటే. దాన్ని పట్టుకున్నది నేను. అప్పటికి నాకు పదమూడేళ్లు.

నరసరావుపేటలో మా నాన్నకు పురుగుమందుల దుకాణం ఉండేది. పల్నాడులో ఎవరిని కదిలించినా పత్తి గురించి, పత్తి గురించి కదిలిస్తే పురుగు గురించి మాట్లాడే రోజులవి. మందు డబ్బాలు బాగా అమ్మినందుకు కంపెనీ వాళ్లు నాన్నకు ఒక టీవీ ఇచ్చారు. చెక్క తలుపులున్న టీవీ. దాని తాళంచెవి నానమ్మ బొడ్లో ఉండేది. ఎవరు చూడాలి, ఎంతసేపు చూడాలి అన్నది ఆమె ఇష్టం. ఆ ఇంట్లో మిగతావన్నీ కూడా ఆమె ఇష్టమే.

ఆదివారం పొద్దున ఒక హిందీ నవ్వుల సీరియల్ వచ్చేది. ఎక్కువ రోజులు ఆడలేదు, దాని పేరు ఇప్పుడెవరికీ గుర్తుండదు. నానమ్మ దాన్ని కలగూరగంప అనేది. ఢిల్లీలో ఒక రిటైరైన గుమాస్తా, ఆయన భార్య, ముగ్గురు కొడుకులు. పెద్ద కోడలు తలపాగాల వాళ్ల పిల్ల, రెండో కోడలు గౌను వేసుకునే కిరస్తానీ పిల్ల, మూడో కోడలు మద్రాసు పిల్ల. మేడ మీద గదిలో ఒక ముసలి సాయిబు అద్దెకుండేవాడు. వీళ్లంతా ఒకే బల్ల చుట్టూ కూర్చుని, ఒకరి కంచంలోది ఒకరు లాక్కుని తింటూ పోట్లాడుకునేవాళ్లు. కథంతా అంతే.

మా ఇంట్లో అందరికీ అది తెగ నచ్చింది. దుకాణంలో గోనెసంచులు కుట్టే సాయిబుని నానమ్మ నోరారా తమ్ముడా అని పిలిచేది, టీ మాత్రం గూట్లో విడిగా పెట్టిన గ్లాసులో పోసేది. టీవీలో సాయిబు వస్తే మాత్రం, "ఆ ముసలాయన చానా మంచోడు" అని మురిసిపోయేది. టీవీలో వాళ్లకు టీ పోసే పని లేదు కాబట్టి ఎంతైనా మురిసిపోవచ్చు.

నిజం చెప్పాలంటే మాలో ఎవరికీ హిందీ రాదు. బళ్లో ఆరో తరగతి నుంచి నేను చదువుతున్నానన్న మాటేగానీ, అక్షరాలు కూడబలుక్కుని చదవటమే వచ్చు, అర్థం తెలియదు. సీరియల్లో ఎవరో ఏదో అనగానే పెట్టెలోంచి జనం నవ్విన చప్పుడు వచ్చేది. అది విని మేమూ నవ్వేవాళ్లం. నాన్న ముందు నవ్వేవాడు, ఆయన్ని చూసి అమ్మ, అమ్మను చూసి నేను. నానమ్మ అందరి ముఖాలూ ఒకసారి చూసి, తను నవ్వితే తప్పులేదని తేల్చుకున్నాక నవ్వేది.

పిన్ని ఆ ఇంటికి వచ్చి అప్పటికి ఏడాది కాలేదు. మా బాబాయి పిడుగురాళ్లలో సున్నం బట్టీల దగ్గర లారీ నడిపేవాడు. సున్నం వేసుకుని కృష్ణ దాటి మిర్యాలగూడ వెళ్లి వస్తూ వస్తూ ఒకరోజు ఆమెను తీసుకొచ్చాడు. గుళ్లో దండలు మార్చుకున్నామన్నాడు. మన కులమే, తల్లీతండ్రీ పోయారు, వెనకా ముందూ ఎవరూ లేరన్నాడు. నానమ్మ ఇంటిపేరు అడిగింది, పిన్ని చెప్పింది. గోత్రం అడిగింది, అదీ చెప్పింది. బాబాయి బట్టీ పట్టించి తెచ్చాడని మాకేం తెలుసు. ఆమె మాటలో ఏదైనా తేడా కనబడితే, ఏటి అవతల మనిషి కదా అని మేమే సర్ది చెప్పుకునేవాళ్లం. "తెల్వది", "గట్లనే" అంటుంటే నానమ్మ వెక్కిరించేది, అంతకంటే ఏమీ అనుమానించలేదు.

నాకు మాత్రం ఆమె నచ్చలేదు. దానికి పెద్ద కారణమేమీ లేదు. అంతకుముందు బాబాయి పిడుగురాళ్ల నుంచి వస్తూ వేరుశనగ ఉండలు తెచ్చి నా చేతిలో పెట్టేవాడు. ఆమె వచ్చాక ఆ పొట్లం ఆమె చేతికి పోయింది. ఆమె విప్పి, నాకే ఎక్కువ పెట్టేది. ఎక్కువ పెట్టినా సరే, నా సొమ్ము నాకు ఆమె ఇవ్వటమేమిటని నాకు ఒళ్లు మండేది.

అందుకే ఆమెను కనిపెట్టుకుని ఉండేదాన్ని. టీవీ చూసేటప్పుడు ఆమె వెనక గోడకానుకుని, పళ్లెంలో బియ్యం ఏరుతూ కూర్చునేది. మూడో ఆదివారం నాకొక సంగతి తెలిసింది. పెట్టెలో జనం నవ్వబోయే ముందే పిన్ని నవ్వుతోంది. చప్పుడు రాకుండా, పెదవి కొరుక్కుని నవ్వుతోంది. ఆమె నవ్విన తర్వాత పెట్టె నవ్వుతుంది, పెట్టె తర్వాత మేం నవ్వుతున్నాం.

ఆ సాయంత్రం నానమ్మ కాళ్లు పడుతూ చెప్పాను. "పిన్ని పెట్టె కంటే ముందు నవ్వుద్ది నానమ్మా."

మరుసటి ఆదివారం నానమ్మ తన పీటను అడ్డంగా తిప్పి వేసుకుంది. సీరియల్ మొదలయినా టీవీ వైపు చూడలేదు. పిన్ని ముఖమే చూస్తూ కూర్చుంది. పిన్ని బియ్యంలో తల దించుకుని ఉండటంతో గమనించలేదు. మూడోసారి నవ్వాక తలెత్తింది.

"ఏమే, ఇప్పుడు వాడేమన్నాడు?" అంది నానమ్మ.

"నాకేం తెల్సు అత్తమ్మా."

"తెలవకుండానే నవ్వావా?"

"అందరు నవ్విన్రని నవ్విన."

"మేం నవ్వకముందే నవ్వావు. ఇందాకటి నుంచి నిన్నే చూస్తన్నా. తురకం వచ్చా నీకు?"

"మా ఊర్ల అందరికొస్తది" అంది పిన్ని. అది అబద్ధం కాదు. ఏటి అవతల చాలామందికి ఉర్దూ వస్తుంది. నాన్న కూడా అవునన్నట్టు తలూపాడు. విషయం అక్కడితో ఆగిపోయేదే. కానీ నానమ్మ గొంతు మార్చింది. అంత ప్రేమగా ఆమె నన్నెప్పుడూ పలకరించలేదు. "మీ అమ్మ నిన్నేమని పిలిచేదే?" అని అడిగింది.

ఇంటిపేరు నేర్పారు, గోత్రం నేర్పారు, ఆ ప్రశ్నకు జవాబు మాత్రం ఎవరూ నేర్పలేదు. తల్లి పోయి అప్పటికి రెండేళ్లు కూడా కాలేదట. ఆ మాట వినగానే పిన్ని కళ్లు తడయ్యాయి, నోరు దానంతటదే తెరుచుకుంది. ఒక ముద్దుపేరు చెప్పింది. చిన్న పేరు, వినటానికి బాగుండే పేరు, మా ఇళ్లల్లో ఎవరూ పెట్టుకోని పేరు.

చెప్పాక ఆమెకు తెలిసింది. పళ్లెం పక్కన పెట్టి, లేచి నిలబడి బాబాయి వైపు చూసింది. బాబాయి టీవీ వైపు చూశాడు.

నానమ్మ అరవలేదు. ఆమె అరిచే మనిషి కాదు. "ఇవాళే పంపించెయ్" అంది బాబాయితో.

"ఎక్కడికి పోద్దమ్మా? దానికెవరూ లేరు."

"ఎందుకు లేరు, ఊరినిండా ఉన్నారుగా వాళ్లోళ్లు."

అమ్మ తల దించుకుని కూర్చుంది. నాన్న గొంతు సవరించుకున్నాడు. ఇంతలో టీవీలో గుమాస్తా భార్య ఏదో ఉత్తరం చదివి, గుండె పట్టుకుని కుర్చీలో కూలబడింది. ముగ్గురు కోడళ్లూ పరుగెత్తుకొచ్చారు. నానమ్మ చూపు అటు తిరిగింది.

"ఆమెకేమైందంట?"

నానమ్మ పిన్ని వైపు తిరిగింది. "నిన్నేనే. వచ్చుగా నీకు. ఏమైందంట?"

పిన్ని కొంగుతో ముక్కు తుడుచుకుని, "చిన్నకొడుకు నౌకరి పోయిందట" అంది. తర్వాత పెద్ద కోడలేమందో, ముసలి సాయిబు ఏం సలహా ఇచ్చాడో నానమ్మ అడుగుతూనే ఉంది, పిన్ని ఏడుస్తూనే చెప్పింది. మేం మొదటిసారి ఆ సీరియల్ అర్థమై చూశాం. చానా బాగుంది. అర్థమయ్యాక ఇంకా బాగుంది.

అయిపోయాక నానమ్మ టీవీ తలుపులు మూసి తాళం వేసింది. "సరే, ఈ కథ అయిందాకా ఉండమను. ఆ తర్వాత దాని దారి దానిది" అంది. అది దయ అని మా ఇంట్లో అందరూ అనుకున్నారు. నేనూ అనుకున్నాను.

పదమూడు వారాలు వస్తుందని పేపర్లో రాశారని నాన్న చెప్పాడు. అప్పటికి నాలుగు అయ్యాయి. ఇంకా తొమ్మిది ఉన్నాయని బాబాయి ముఖం విప్పారింది. ఈలోగా పిడుగురాళ్లలో గది చూస్తానని పిన్నితో అన్నాడు. తొమ్మిది రోజుల్లో దొరికే గది అది. తొమ్మిది వారాలున్నాయి కదా అని నిమ్మళంగా తిరిగాడు. ఈలోగా నానమ్మ మనసు కరగదా అన్నది అతని ఆశ. వాళ్లమ్మను అతనికంటే నేనే బాగా ఎరుగుదును.

ఆ రోజు నుంచి పిన్ని వంటింట్లోకి రాకూడదు. పెరట్లో బట్టలుతికే బండ మీద ఒక సత్తుపళ్లెం పెట్టారు. అన్నం అందులో పై నుంచి వేసేది అమ్మ. ఒకసారి నేను అమ్మతో, కూర కొంచెం ఎక్కువ వేశావేంది అన్నాను. "నీకెందుకే, నోర్మూసుకో" అందిగానీ, మర్నాటి నుంచి తగ్గించింది. బాబాయి లోపలే తినేవాడు. మొదటి రోజు ముద్ద దిగలేదు. వారం తిరిగేసరికి మారు వడ్డించమని అడిగాడు.

ఆదివారం మాత్రం పిన్ని కావలసిన మనిషి. గడపకు అవతల వసారాలో కూర్చుని, మెడ సాచి టీవీ చూస్తూ చెప్పేది. గుమాస్తా మాట గుమాస్తా గొంతుతో, కోడళ్ల మాటలు కోడళ్ల గొంతులతో చెప్పేది. నానమ్మ కళ్లల్లో నీళ్లొచ్చేలా నవ్వేది. నవ్వి నవ్వి, "ఇంకోసారి చెప్పవే అది" అనేది. అయిపోగానే తెర మీద హిందీ అక్షరాలు పడేవి. "మల్ల ఐతారం" అనేది పిన్ని. ఆదివారానికి ఆమె మాట అది. అందరం లేచేవాళ్లం, అమ్మ వెళ్లి ఆమె కూర్చున్న చోట నీళ్లు చల్లేది.

ఆరో వారమో ఏమో, గుమాస్తా భార్య కోడలి మీద విరుచుకుపడి ఏదో అంది. "నమక్" అన్న మాట నాకు మూడుసార్లు వినబడింది. నమక్ అంటే ఉప్పు, మా పాఠంలో ఉంది. పిన్ని మాత్రం, "నా కోడలు ఏ ఇంటిదైతేంది, నా ఇంటికొచ్చినంక నా బిడ్డనే, ఎవరన్న ఏమన్న అంటే ఊకోను" అని చెప్పింది. నానమ్మ నవ్వు ఆపింది.

తర్వాత పిన్నిని పెరట్లో పట్టుకున్నాను. "అది ఉప్పు గురించి కదా?"

పిన్ని నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. "చెప్పకు బిడ్డా. కథ మంచిగ పోతాంది, పోనియ్యి."

చెప్పలేదు. చెప్పనందుకు బదులుగా నా హిందీ హోంవర్కు ఆమె చేత చేయించుకున్నాను. ఆమెకు ఆ అక్షరాలు రావు. నేను పాఠం కూడబలుక్కుని చదివితే ఆమె అర్థం చెప్పేది, నేను రాసుకునేదాన్ని. నా పలుకు తప్పయితే ఓపిగ్గా పదిసార్లు అనిపించేది, సరిగ్గా అనగానే "శెబాష్ బిడ్డా" అనేది. ఆ నెల పరీక్షలో మొదటిసారి క్లాసులో అందరికంటే నాకే ఎక్కువ మార్కులొచ్చాయి. కాయితం తీసుకెళ్లి నాన్నకు చూపించాను. ఆయన చూసి నవ్వాడు. "గడపవతల మనిషి పుణ్యమిది. నీ తెలివేముంది ఇందులో" అన్నాడు.

పుండు మీద కారం చల్లినట్టయింది. అందరూ అంటరానిదాన్ని చేసి కూర్చోబెట్టిన మనిషి కంటే నన్ను తక్కువ చేశాడు నాన్న. ఆ కోపం నాన్న మీద రావాలి. పిన్ని మీద వచ్చింది.

ఎనిమిదో ఆదివారం సీరియల్లో గుమాస్తా ఇంటివాళ్లంతా ఫోటో దిగుతున్నారు. ఎవరెక్కడ నిలబడాలో తేలక తగాదా. ముసలి సాయిబు దూరంగా నిలబడితే గుమాస్తా చెయ్యి పట్టి లాక్కొచ్చి పక్కన నిలబెట్టాడు. తర్వాత గుమాస్తా మా వైపు తిరిగి, చేతులు జోడించి ఏదో చాలాసేపు మాట్లాడాడు. అంతకుముందెప్పుడూ అలా మాట్లాడలేదు. పిన్ని చెప్పటం ఆపేసింది.

"ఏమంటన్నాడే?" అంది నానమ్మ.

"ఏం లేదత్తమ్మా. ఫోటో మంచిగొచ్చిందంటాండు."

ఫోటో అలాగే నిలబడిపోయింది. దాని మీద అక్షరాలు పడ్డాయి. ప్రతి వారం పడేవి కావు, వేరేవి. పిన్ని "మల్ల ఐతారం" అంది. అని నా వైపు చూసింది. చదవటం రాకపోయినా అక్షరాలు మారాయని ఆమెకు తెలిసిపోయింది. గుమాస్తా ఏం చెప్పాడో ఆమె విన్నది. ఇక ఆ ఇంట్లో ఆ అక్షరాలు చదవగలిగింది నేనొక్కదాన్నే. వద్దు అని ఆమె నోటితో అనలేదు. అనవలసిన అవసరం లేనంతగా చూసింది.

నాకు తెలియదని, చిన్నపిల్లనని, ఏదో నోరు జారానని చెప్పుకోవచ్చు. ఇన్నేళ్లలో ఒకరిద్దరికి అలాగే చెప్పాను కూడా. అది అబద్ధం. ఏం చదవబోతున్నానో, చదివితే ఏమవుతుందో నాకు బాగా తెలుసు. నాన్న లేచి వెళ్లిపోతాడేమో, వినడేమో అని మాత్రమే నా భయం.

"నాన్నా, నేను చదువుతా" అని లేచి నిలబడ్డాను. "స. మా. ప్త. సమాప్త."

నెల రోజులుగా ఆ ఇంట్లో ప్రతి మాటకూ అర్థం చెప్పించుకున్నారు. ఆ ఒక్క మాటకు ఎవరూ అర్థం అడగలేదు.

"సమాప్తమా?" అంది నానమ్మ. "అయిపోయిందా కథ?"

"అయిపోయింది నానమ్మా. అట్టనే రాశారు."

నాన్న నా వైపు చూసి, "సరిగ్గానే చదివిందే" అన్నాడు. అప్పుడు నాకు కలిగిన సంతోషం ఇప్పటికీ గుర్తుంది. పదో తరగతి పాసయినప్పుడు కూడా అంత సంతోషం కలగలేదు.

బాబాయి లేచాడు. "అదేంది, ఇంకా ఐదు వారాలుండాలిగా. పదమూడన్నారుగా" అన్నాడు. టీవీ తనను మోసం చేసినట్టు దాని వైపే చూస్తున్నాడు.

"నన్నడుగుతావేంది, ఢిల్లీ వాళ్లనడుగు" అంది నానమ్మ. టీవీ తలుపులు మూసింది. "ఇంకేంది మరి" అంది.

ఆ సీరియల్ని మధ్యలో ఎందుకు ఆపేశారో మాకు తెలియలేదు. జనానికి నచ్చలేదని ఒకరన్నారు, పైవాళ్లకెవరికో నచ్చలేదని ఇంకొకరన్నారు. మా ఇంట్లో మాత్రం అందరికీ నచ్చింది. పాపం అర్ధాంతరంగా ఆపేశారే అని నానమ్మ చాలా రోజులు బాధపడింది.

పిన్నిని ఆ మధ్యాహ్నమే పంపించేశారు. బాబాయి ఆమెను బస్టాండుకు తీసుకెళ్లి, దాచేపల్లి మీదుగా వంతెన దాటే బస్సు ఎక్కించి, నాలుగు రోజుల్లో నేనూ వస్తానని చెప్పి, టీ వేళకు ఇంటికొచ్చాడు. అమ్మ టీ ఇచ్చింది, తాగాడు. ఆ నాలుగు రోజులు ఎప్పటికీ కాలేదు. మళ్లీ వేసవికి నూజెండ్ల పిల్లను ఇచ్చి పెళ్లి చేశారు. ఈసారి గోత్రం నాన్న స్వయంగా వెళ్లి కనుక్కొచ్చాడు. మొదటి ఆమె ఏమైందో కనుక్కోవటానికి మాత్రం ఎవరూ వెళ్లలేదు.

బాబాయి రిక్షా కోసం వీధి చివరికి వెళ్లినప్పుడు ఆమె మెట్ల మీద గుడ్డసంచి పెట్టుకుని నిలబడి ఉంది. వసారాలో నేనొక్కదాన్నే ఉన్నాను, చేతిలో పుస్తకంతో. తిడుతుందేమో, కొడుతుందేమో అనుకున్నాను. తిడితే లోపలికి పరుగెత్తి చెప్పాలని కూడా అనుకున్నాను.

ఆమె దగ్గరికొచ్చి, "గా అక్షరాలెట్లుంటయో రాసి చూపియ్యి బిడ్డా" అంది.

పుస్తకం తెరిచి పెద్దగా రాసి చూపించాను. ఆమె వంగి, వేలు పెట్టి ఒక్కొక్క అక్షరమే చూసింది.

"గింతేనా?" అంది.

"మూడే. కానీ చివరిది ఒత్తక్షరం, కష్టం. మా క్లాసులో సగం మందికి రాదు" అన్నాను.

ఆమె తలూపింది. సంచి తీసుకుని మెట్లు దిగింది. రోజూ అక్షరం తప్పు లేకుండా చదివితే "శెబాష్ బిడ్డా" అనేది కదా, ఇవాళ కూడా అంటుందని ఆమె వీధి మలుపు తిరిగేదాకా చూశాను. అనలేదు. అంత కష్టమైన మాట చదివినా మెచ్చుకోలేదని, ఆ సాయంత్రమంతా నాకు ఆమె మీద కోపంగానే ఉంది.